అమ్మాయికి మాట ఇవ్వాలా వద్దా? సీజన్ పని చేసే నాన్నలు చెప్పండి

స్తంభాలగరువు నాన్న (గుంటూరు):

నమస్కారమండీ. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమస్తాని. 19 ఏళ్ల నుంచి అదే షాపు. ఇప్పుడు యార్డుకు వేసవి సెలవులు కాబట్టి ఇంట్లో ఉన్నాను, లేకపోతే ఇంత రాసే తీరిక దొరకదు.

మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పాసయింది, 600కి 541. ఇంటర్‌లో ఎంపీసీ చదువుతానంటోంది. మేము హాస్టల్ అనుకున్నాం. తను డే స్కాలర్‌గానే వెళ్తానని పట్టుబట్టింది. కాలేజీ గోరంట్ల వైపు. పొద్దున ఏడున్నరకల్లా అక్కడ ఉండాలి, రాత్రి ఎనిమిదికి వదులుతారు. ఆ వేళప్పుడు ఆటోలో ఒక్కదాన్నే రమ్మనడం మాకు ఇష్టం లేదు. "మీరు దింపి, మళ్లీ తీసుకొస్తానంటే సరే. లేదంటే హాస్టలే" అంది నా భార్య. అమ్మాయి ఏమీ అనలేదు, నా వంక కూడా చూడలేదు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఎందుకు చూడలేదో నాకు తెలుసు. మార్చిలో తెలుగు పరీక్ష రోజున సెంటర్‌కి నేనే తీసుకెళ్తానని మాట ఇచ్చాను. ముందు రోజు రాత్రి పల్నాడు నుంచి వరసగా లారీలు దిగాయి. తెల్లవారి పోదామనుకుంటే రైతులు మచ్చు (కొనేవాళ్లకి చూపించే కాసిని కాయలు) పట్టుకుని షాపు ముందు నిలబడి ఉన్నారు. ఫోన్ చేసి "పక్కింటి ఆంటీ స్కూటీ మీద వెళ్లమ్మా" అన్నాను. సరే నాన్నా అంది. మిగతా పరీక్షలకి నన్ను అడగలేదు.

మా పని తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొన్ని రోజులు యార్డుకు లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి వస్తాయి. రాత్రంతా సరుకు దిగుతుంది. పొద్దున కొనేవాళ్లు మచ్చు చూసి ధర వేస్తారు. ఆ తర్వాత కాటా. రైతుకి తక్‌పట్టీ (సరుకు అమ్మిన లెక్క చీటీ) రాసి లెక్క తేల్చేదాకా గుమస్తా కదలడానికి లేదు. ఏడాదంతా మిరపకాయ మీద ఆశ పెట్టుకుని వచ్చిన మనిషిని "రేపు రా" అనలేం. ఇంటర్ పరీక్షలు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి.

ఇంకో సంగతి ఉంది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పాపకి ఎనిమిది నెలలప్పుడు, ఒక రాత్రి ఇంటికి రాగానే చేతులు కడుక్కుని బుగ్గ పట్టుకున్నాను. ఆ రోజంతా తేజ రకం మిరపకాయల్లో, అంటే బాగా ఘాటున్నవాటిలో, చేతులు పెట్టి ఉన్నాను. సబ్బుతో కడిగితే ఆ మంట పోదని నాకు తెలిసి ఉండాల్సింది. పాప మొహం ఎర్రబడిపోయింది, తెల్లవార్లూ ఏడ్చింది. ఆ రోజు నుంచి కొబ్బరినూనె రాసుకుని, సెనగపిండితో రుద్దుకుని, తల స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే దగ్గరికి వెళ్లాలని పెట్టుకున్నాను. అవన్నీ అయ్యేసరికి నిద్రపోయేది. తలుపు దగ్గర నిలబడి చూసేవాణ్ని. తను పెద్దదైంది, నా నిలబడటం మాత్రం తలుపు దగ్గరే ఉండిపోయింది. పసిపిల్ల చర్మం కోసం పెట్టుకున్న దూరం పదిహేనేళ్ల పిల్లతో కూడా ఎందుకు పాటిస్తున్నానో ఈ నెలలోనే ఆలోచించాను.

అడిగేది ఒక్కటే. ఇప్పుడు రెండేళ్లు దింపి తీసుకొస్తానని మాట ఇచ్చి, ఫిబ్రవరిలో మళ్లీ తప్పితే? అలాకాక ఇప్పుడే నా వల్ల కాదంటే హాస్టల్‌కి వెళ్తుంది. రెండేళ్ల తర్వాత ఎక్కడో ఇంజనీరింగ్. ఇక ఇంట్లో ఉండేదెప్పుడు? ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్లు ఏం చేశారో చెప్పండి.

యార్డు మనిషిని:

అన్నా, నేనూ యార్డులోనే. మీరు మనసు కష్టపెట్టుకోకండి. సీజన్‌లో మనం చేసేదే ఏడాది తిండి, పిల్లల ఫీజు. ఫిబ్రవరిలో రాత్రి ఎనిమిదికి గోరంట్లలో ఉండటం కుదిరే పని కాదు, మీకూ తెలుసు. మా వాణ్ని హాస్టల్లో వేశాను, బాగానే చదివాడు. పిల్ల ఇప్పుడు ఏడ్చినా రేపు అర్థం చేసుకుంటుంది.

కృష్ణలంక తాతయ్య (విజయవాడ):

బాబూ, నేను రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాను. గూడ్స్ బండ్లు, తర్వాత ప్యాసింజర్. పండగ, పుట్టినరోజు చూసి డ్యూటీ వెయ్యరు. కాజీపేటలో బండి సిబ్బంది పడుకునే రన్నింగ్ రూమ్‌లో పడుకుని, ఈ పాటికి మా వాడు స్కూల్లో బహుమతి తీసుకుంటూ ఉంటాడని లెక్క వేసుకున్న రోజులున్నాయి.

నేను చేసిన తప్పు డ్యూటీకి వెళ్లడం కాదు, ప్రతిదానికీ "వస్తాను" అనడం. కాదంటే పిల్లాడి మొహం చిన్నబోతుందని అనేసేవాణ్ని. ఒకరోజు మా ఆవిడ గట్టిగా చెప్పింది. "మీరు రాకపోతే వాడికి ఒక పూట బాధ. వస్తానని రాకపోతే రోజంతా గేటు దగ్గరే నిలబడతాడు." ఆ తర్వాత గోడ మీద క్యాలెండర్‌లో పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టాను. ఏ రోజు ఇంట్లో ఉంటానో దానికి సున్న చుట్టేవాణ్ని, ఖాయం కానిది వదిలేసేవాణ్ని. నెలకి ఆరేడు సున్నలు ఉంటే గొప్ప. కానీ సున్న చుట్టిన రోజున, ఒంట్లో బాగాలేకపోయినా సరే, వాడితోనే ఉన్నాను.

కాబట్టి మీరు రెండేళ్లకీ కలిపి మాట ఇవ్వకండి. జూన్ నుంచి జనవరి దాకా రెండు పూటలా నేనే అనండి. సీజన్ మూడు నెలలకి ఏ పూట మీ చేతిలో ఉంటుందో చూసుకుని ఆ ఒక్క పూటే ఒప్పుకోండి. రెండో పూటకి మీ ఇంటావిడకి స్కూటీ నేర్పించండి, ఎనిమిది నెలల టైం ఉంది.

వస్త్రలత వారి అమ్మాయి:

నేను హాస్టల్లో ఇంటర్ చదివినదాన్ని. మా నాన్న విజయవాడ వస్త్రలతలో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో చేసేవారు. ఆదివారం మమ్మల్ని చూడనిచ్చినప్పుడు క్యారేజీ పట్టుకుని వచ్చేవారు. గోంగూర, ముద్దపప్పు, పెరుగన్నం. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు ఆయనకి. బత్తాయి ఒలిచి తొనలు ఒక్కొక్కటే నా చేతిలో పెట్టేవారు. నేను చదువు గురించి ఏదో చెప్తే వినేవారు. ఆ బత్తాయి తొనలే నాకు ఈ రోజుకీ గుర్తు. కాబట్టి హాస్టల్‌కి పంపితే బంధం తెగిపోతుందని భయపడకండి అంకుల్.

కానీ మీ అమ్మాయి పట్టుబట్టి మరీ ఇంట్లో ఉంటానంటోంది. అది మీరు గమనించారా? మీ మీద కోపమే ఉంటే హాస్టలే సుఖం కదా తనకి.

ఒక్క విషయం. తెలుగు పరీక్ష రోజు గురించి ఒకసారి నేరుగా చెప్పండి, "తప్పు నాదే" అని. అక్కడితో ఆపండి. బుగ్గ మండిన సంగతి కూడా చెప్పండి, తనకి తెలిసి ఉండదు. కానీ చెప్పి మీరు ఏడిస్తే తను మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆ బరువు తన మీద పెట్టకండి.

స్తంభాలగరువు నాన్న:

అందరికీ దణ్ణాలు. యార్డు తమ్ముడూ, నువ్వన్న మాట కూడా నిజమే. హాస్టల్లో వేసినవాళ్లెవరినీ నేను తప్పు పట్టను. మా పిల్ల ఇంట్లో ఉంటానంది, అందుకే ఈ తంటా.

తాతయ్యగారు చెప్పాక ముందు మా షాపు యజమాని దగ్గరికి వెళ్లాను. సీజన్‌లో పొద్దున నన్ను వదలడం కుదరదన్నారు, కొనేవాళ్లు వచ్చే వేళ అదే కదా. రాత్రి ఏడున్నరకి కాటా పుస్తకం రెండో గుమస్తాకి అప్పగించి వెళ్లి, తొమ్మిదికి మళ్లీ రావచ్చన్నారు. పట్టీల లెక్క అప్పుడు కూర్చుని తేల్చాలి. నిద్ర తగ్గుతుంది, ఫరవాలేదు. ఇన్నేళ్లలో ఈ మాట నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడగకుండానే కుదరదని నాకు నేనే తీర్మానించుకున్నాను.

నిన్న సాయంత్రం వంటింట్లో అమ్మాయి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ తీశాను. పరీక్ష రోజు తప్పు నాదేనని చెప్పాను. "ఊఁ" అంది. బుగ్గ సంగతి చెప్తే మాత్రం చెయ్యి ఆపి విన్నది. వాళ్లమ్మని అడిగింది నిజమేనా అని. తర్వాత నేను ఒప్పుకునేదేమిటో చెప్పాను. జనవరి దాకా రెండు పూటలూ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రి మాత్రమే. పొద్దున వాళ్లమ్మ.

"ఫిబ్రవరిలో కూడా రాత్రి వస్తావా?" అంది.

వస్తానన్నాను. "కాకపోతే స్నానం చేసి రావడానికి టైం ఉండదమ్మా. ఘాటుతోనే వస్తాను, వెనక కూర్చుంటే తుమ్ములు వస్తాయి."

"మాస్క్ పెట్టుకుంటాలే నాన్నా" అంది, మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంటూ.

నా భార్య వీధిలో స్కూటీ నేర్చుకోవడం మొదలుపెట్టింది, పక్కింటి ఆవిడ నేర్పుతోంది. తాతయ్యగారూ, క్యాలెండర్ కొన్నాను. సున్నలు చుట్టే పెన్సిల్ అమ్మాయి తన దగ్గరే పెట్టుకుంది.