ఎస్‌ఎస్‌ఐఎస్ ప్యాకేజీలను ఎక్కడ, ఏ పద్ధతిలో భద్రపరచాలి?

ప్రశ్న (గాజువాక నుంచి)

అందరికీ నమస్కారం. విశాఖ పోర్టులో దిగిన సరుకును గోదాములకు చేరవేసే ఒక సంస్థలో ఏడాదిగా డేటాబేస్ పని చూస్తున్నాను. వేబ్రిడ్జి దగ్గర తూచిన లారీల బరువులు, గేట్ పాసులు, బిల్లింగ్ లెక్కలు రోజూ రాత్రి ఎస్‌ఎస్‌ఐఎస్ (ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేటాను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే భాగం) ప్యాకేజీల ద్వారానే ఒక డేటాబేస్ నుంచి మరొకదానికి చేరుతాయి. మా సర్వర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016. నాకు ముందు పనిచేసినవారు కొన్ని ప్యాకేజీలను ఎంఎస్‌డీబీలోనూ (సర్వర్ తన సొంత పనుల వివరాలు దాచుకునే డేటాబేస్), కొన్నింటిని డీ డ్రైవ్ ఫోల్డర్లలోనూ, మరికొన్నింటిని తమ సొంత కంప్యూటర్లలోనూ ఉంచి వెళ్లారు. వేబ్రిడ్జి ప్యాకేజీ ఒక్కటే ‘వేబ్రిడ్జి లోడ్’, ‘వేబ్రిడ్జి లోడ్ కొత్తది’, ‘వేబ్రిడ్జి లోడ్ ఫైనల్ 2’ అని మూడు పేర్లతో మూడు చోట్ల ఉంది. ఒకే లారీ రెండుసార్లు నమోదు కాకుండా పోయిన నెల నేను సరిచేసిన ప్రతి ఒకటి, ఆ రాత్రి నడిచిన ప్రతి మరొకటి. రెండు రోజుల బరువులు బిల్లుల్లోకి రెండేసిసార్లు ఎక్కాయి, వాటిని చేత్తో సరిదిద్దడానికి వారం పట్టింది. అసలైన ప్రతి ఏదో ఎలా తేల్చుకోవాలి? అన్నింటినీ ఎక్కడ ఉంచాలి? ఫోల్డర్లను దేన్ని బట్టి విడదీయాలి?

సమాధానం 1 (మధురవాడ నుంచి)

ముందు ఏ ప్యాకేజీని ఎక్కడికీ కదపకండి. ఎంఎస్‌డీబీలో, వేళకు వాటంతటవే నడిచే పనుల (జాబుల) దశలు నమోదై ఉండే సిస్‌జాబ్‌స్టెప్స్ పట్టికలో సబ్‌సిస్టమ్ ఎస్‌ఎస్‌ఐఎస్ అని ఉన్న వరుసలన్నీ తీసి, కమాండ్ అనే నిలువు వరుసను చదవండి. ప్యాకేజీ ఫైలు నుంచి నడుస్తోందా, ఎంఎస్‌డీబీ నుంచి నడుస్తోందా, ఏ దారిలో ఏ పేరుతో నడుస్తోందో అన్నది అందులోనే రాసి ఉంటుంది. రాత్రి నిజంగా నడుస్తున్నది ఏదో ఆ పట్టికే చెబుతుంది కాబట్టి, ఫైలు పేరును గానీ, పాత ఉద్యోగుల జ్ఞాపకాన్ని గానీ నమ్మకండి. ఎంఎస్‌డీబీలో ఉన్నవాటిని డీటీయుటిల్ కమాండుతో ఫైళ్లుగా బయటికి తీయవచ్చు. ప్యాకేజీ ఉండే డీటీఎస్‌ఎక్స్ ఫైలు ఎక్స్‌ఎంఎల్ (మామూలు అక్షరాల్లో చదవగలిగే రూపం) కాబట్టి మూడు ప్రతులనూ నోట్‌ప్యాడ్‌లో తెరిచి వెర్షన్‌బిల్డ్ విలువను పోల్చండి. డిజైనర్‌లో సేవ్ చేసిన ప్రతిసారీ అది ఒకటి పెరుగుతుంది, కనుక ఏ ప్రతిపై ఎక్కువసార్లు పని జరిగిందో తెలుస్తుంది. అయితే ఇద్దరు వేర్వేరు ప్రతులపై విడివిడిగా పనిచేసి ఉంటే ఆ అంకె ఒక్కటే చాలదు, లోపలి క్వెరీలను కూడా పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

ఇక ఎక్కడ ఉంచాలన్నది. మూలప్రతి ఉండాల్సిన చోటు గిట్ (ఫైళ్లలో చేసిన ప్రతి మార్పు చరిత్రనూ దాచే సాధనం), సర్వర్‌లో ఉండేది దాని నుంచి డిప్లాయ్ చేసిన (సర్వర్‌కు చేర్చిన) ప్రతి మాత్రమే. ఈ తేడా ఆఫీసులో అందరికీ ఒంటబట్టేదాకా ఎన్ని ఫోల్డర్లు చేసినా మళ్లీ ‘ఫైనల్ 3’ పుడుతూనే ఉంటుంది. సర్వర్ వైపు మాత్రం ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 నుంచి వచ్చిన ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ కేటలాగ్‌ను (ఈ ప్యాకేజీల కోసమే ఉన్న డేటాబేస్) వాడండి. ఎంఎస్‌డీబీలో ఫోల్డర్ లోపల ఫోల్డర్ చేయవచ్చు గానీ, ఈ కేటలాగ్‌లో ఫోల్డర్, దాని కింద ప్రాజెక్టులు, ఎన్విరాన్‌మెంట్లు (సర్వర్‌ను బట్టి మారే విలువల జాబితాలు), అంతే. నా మటుకు అది మేలే, ఎందుకంటే ముందుగా ఆలోచించి విడదీయక తప్పదు. ప్యాకేజీ రాత్రి ఆగిపోతే ఎవరికి ఫోన్ వెళుతుందో, ఆ బాధ్యతను బట్టి ఫోల్డర్ చేయండి. అనుమతులు కూడా ఫోల్డర్ వారీగా ఇవ్వవచ్చు కాబట్టి బిల్లింగ్ వారు గేట్ పాసుల ప్యాకేజీలను పొరపాటున కూడా ముట్టుకోలేరు. ఒకదాన్నొకటి పిలుచుకునే ప్యాకేజీలను మాత్రం ఒకే ప్రాజెక్టులో ఉంచండి.

సమాధానం 2 (సిరిపురం నుంచి)

పై సలహాతో ఏకీభవిస్తూ, నా అనుభవం ఒకటి చెబుతాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు, బీచ్ రోడ్డు దగ్గరలో అప్పట్లో నేను పనిచేస్తున్న ఆఫీసు అద్దాలు పగిలి వాన నీళ్లు సర్వర్ గదిలోకి వచ్చాయి. కరెంటు వచ్చాక చూస్తే సర్వర్ డిస్కులు పనికిరాకుండా పోయాయి. వ్యాపార డేటాబేస్‌ల బ్యాకప్ వేరే ఊరిలో క్షేమంగా ఉంది గానీ, ఎంఎస్‌డీబీలో ముఖ్యమైనదేదీ ఉండదని ఎవరో ఎప్పుడో అనుకోవడం వల్ల దాన్ని ఆ బ్యాకప్‌లో చేర్చలేదు. మా ప్యాకేజీలన్నీ ఉన్నది అందులోనే. ఒక సహోద్యోగి పాత ల్యాప్‌టాప్‌లో రెండు నెలల కిందటి ఫైళ్లు దొరికాయి, ఆ రెండు నెలల మార్పులను కాగితాలు ముందు పెట్టుకుని మళ్లీ రాసుకున్నాం. కాబట్టి మీ బ్యాకప్ జాబితాలో ఎంఎస్‌డీబీ, ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ రెండూ ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి. ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీని మరో సర్వర్‌పై రీస్టోర్ చేయాలంటే దాని మాస్టర్ కీ (లోపలి రహస్య విలువలను తెరిచే తాళం) కూడా కావాలి. కేటలాగ్‌ను సృష్టించేటప్పుడు ఇచ్చే పాస్‌వర్డ్‌ను, ఆ కీ బ్యాకప్‌ను సర్వర్‌కు దూరంగా, ఇద్దరికి తెలిసేలా దాచండి.

సమాధానం 3 (ఎంవీపీ కాలనీ నుంచి)

మరో రెండు విషయాలు. ప్యాకేజీలకు ప్రొటెక్షన్ లెవల్ (లోపలి పాస్‌వర్డ్‌లను ఎలా దాచాలన్న సెట్టింగ్) మామూలుగా ‘ఎన్‌క్రిప్ట్ సెన్సిటివ్ విత్ యూజర్ కీ’గా ఉంటుంది. అంటే రాసినవారి విండోస్ ఖాతాతోనే లోపలి పాస్‌వర్డ్‌లు తెరుచుకుంటాయి, వారు ఉద్యోగం మానేస్తే మీకు ఆ పాస్‌వర్డ్‌లు దక్కవు. పాత ఉద్యోగుల కంప్యూటర్లలో మిగిలిన ఫైళ్లతో మీకు ఎదురయ్యేది ఇదే. ప్రాజెక్టునూ, అందులోని ప్రతి ప్యాకేజీనీ ‘డోంట్ సేవ్ సెన్సిటివ్’కు (పాస్‌వర్డ్‌లను ఫైలులో దాచవద్దని) మార్చి, పాస్‌వర్డ్‌లను కేటలాగ్ ఎన్విరాన్‌మెంట్‌లో సెన్సిటివ్ వేరియబుల్స్‌గా ఇవ్వండి. అప్పుడు గిట్‌లోకి పాస్‌వర్డ్ వెళ్లదు, టెస్ట్ సర్వర్‌కూ అసలు సర్వర్‌కూ ఒకే ప్రాజెక్టు సరిపోతుంది.

రెండోది, కేటలాగ్‌ను చరిత్ర దాచే చోటుగా భావించకండి. మార్చకుండా వదిలేస్తే అది ఒక్కో ప్రాజెక్టుకు 10 వెర్షన్లే ఉంచుతుంది. లాగ్‌లను మాత్రం 365 రోజులు ఉంచుతుంది కాబట్టి, రోజూ ఎన్నో ప్యాకేజీలు నడిచే చోట డేటాబేస్ బాగా పెరిగిపోతుంది. మేము దాన్ని 60 రోజులకు తగ్గించుకున్నాం. అయితే చాలాకాలం నడిచిన కేటలాగ్‌లో ఆ సంఖ్యను ఒక్కసారిగా తగ్గిస్తే, అర్ధరాత్రి నడిచే శుభ్రపరిచే జాబ్ గంటల తరబడి సాగి మిగతా పనులకు అడ్డుపడుతుంది. నెలకు కొంత చొప్పున తగ్గించుకుంటూ రండి.

ప్రశ్న అడిగినవారు (గాజువాక నుంచి)

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. సిస్‌జాబ్‌స్టెప్స్ చూశాను. రాత్రి నడుస్తున్న వేబ్రిడ్జి ప్యాకేజీ మేము అనుకున్నట్లు ‘ఫైనల్ 2’ కాదు, డీ డ్రైవ్‌లోని మొదటిదే. మా దగ్గరున్న 63 ప్యాకేజీల్లో 22ను ఏ జాబూ నేరుగా పిలవడం లేదు. వాటిని తొలగించే ముందు వేరే ప్యాకేజీ ఏదైనా లోపలి నుంచి వాటిని పిలుస్తోందేమోనని అన్ని డీటీఎస్‌ఎక్స్ ఫైళ్లలోనూ పేరు పట్టుకుని వెతుకుతున్నాను, ఇప్పటికే మూడు అలా దొరికాయి. ఎంఎస్‌డీబీ మా బ్యాకప్ జాబితాలో లేదు, నిన్న సాయంత్రమే చేర్చాను.