ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్) తెగింది, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి (ఉరుకుడు పరీక్షలకి) ఉరకగలనా? మోకాలి దెబ్బ తగిలినవాళ్లు చెప్పండి

రైడర్_కరీంనగర్ (సోమవారం, రాత్రి 9:40)
అన్నలకు, అక్కలకు నమస్తే. నాకు 23. సంక్రాంతి టోర్నమెంట్ల కబడ్డీ ఆడుతుంటే, బోనస్ కొట్టి వెనుకకు మర్రంగ ఎడమ కాలు మట్టిల దిగవడ్డది. మీద ఇద్దరు పడ్డరు. లోపల టప్పుమన్న చప్పుడు నాకే వినవడ్డది. గంటల మోకాలు గుమ్మడికాయ లెక్క ఉబ్బింది. ఎమ్మారై తీస్తే ఏసీఎల్ మొత్తం తెగింది, లోపలి దిక్కు మెనిస్కస్ (ఎముకల నడుమ మెత్త లెక్క ఉండేది) కూడ కొంచెం చినిగింది అన్నరు. ఐదు వారాలాయె. వాపు తగ్గింది గని కాలు పూర్తిగ సాగుతలేదు. మెట్లు దిగుతుంటే మోకాలు జారినట్టయితది.

ఆపరేషన్ చేయించుకోవాల్నా, ఫిజియోతోనే నడుస్తదా? ఎన్ని నెలలకు 1600 మీటర్లు ఉరకొచ్చు? కానిస్టేబుల్‌కు తయారైతున్న. ఆరోగ్యశ్రీల ఎవరన్న చేయించుకున్నరా? ఫిజియో ఇంట్ల చేసుకుంటె సరిపోతదా? మా అమ్మ రాత్రి మోకాలు కింద దిండు పెట్టి పండవెడుతది, గట్లుంటెనే నొప్పి తక్కువుంటది.

కడప_స్పైకర్
తమ్ముడూ, నాది వాలీబాల్. స్మాష్ కొట్టి ఒంటికాలిమీద దిగినా, అంతే. ఆపరేషన్ బాగానే చేసినారు. చెడగొట్టుకునింది నేనే. కుట్లు విప్పినాక నొప్పి లేదు కదా అని ఫిజియోకి పోవడం మానేసినా. మూడు నెలలకి చూసుకుంటే తొడ కండ కరిగిపోయి రెండు కాళ్లు వేరే వేరే మనుషులవి మాదిరి ఉన్న్యాయి. ఆపరేషన్ చేసేది ఒక పూట. ఆ కండను మళ్లీ తెచ్చుకునేదానికి నాకు ఏడాదిన్నర పట్టింది. నువ్వు కానిస్టేబుల్ గురించి ఇప్పుడు ఆలోచించొద్దు, తొడ గురించి ఆలోచించు.

ఫిజియో_పన్నెండేళ్లు
ముందు ఆ దిండు తీసెయ్. మిగతావన్నీ తర్వాత.

పన్నెండేళ్లుగా ఆటగాళ్ల మోకాళ్లే చూస్తున్నాను. వాపు ఉన్నప్పుడు మోకాలు కాస్త వంచి పెడితే కీలు లోపల ఒత్తిడి తగ్గుతుంది, అందుకే హాయిగా ఉంటుంది. కానీ వారాల తరబడి అలాగే పడుకుంటే మోకాలి వెనక భాగం ఆ వంపులోనే బిగుసుకుంటుంది. కాలు పూర్తిగా చాపలేనివాడు కుంటుతాడు, కుంటేవాడి తొడ ముందు కండ పని మానేస్తుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టు, మోకాలి కింద ఖాళీ ఉండాలి. పది నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదుసార్లు. ఆపరేషన్ చేయించుకునే ఉద్దేశం ఉన్నా సరే, ముందు కాలు చాపడం రావాలి. బిగిసిన మోకాలికి ఆపరేషన్ చేస్తే తర్వాత ఇంకా బిగుస్తుంది.

గోదారి_అబ్బాయి
ఏవండీ, మా నాన్నగారికి రెండు మోకాళ్లూ మార్చారు. ఆసుపత్రిలో మొదటి రోజే దిండు పెట్టారు, నా కళ్లతో చూశాను. ఐదు వారాలుగా నిద్రపోకుండా కొడుకు కాలు చూసుకుంటున్న తల్లిని తప్పుచేసినట్టు మాట్లాడతారేంటి? నొప్పి తగ్గితే కదా నిద్రపట్టేది, నిద్రపడితే కదా మానేది.

ఫిజియో_పన్నెండేళ్లు
తల్లిని ఎవరూ ఏమీ అనలేదు. మీ నాన్నగారికి దిండు ఎక్కడ పెట్టారో సరిగ్గా గుర్తుచేసుకోండి. వాపు దిగడానికి కాలు మొత్తం ఎత్తులో పెట్టడం వేరు, మోకాలి కింద మాత్రమే పెట్టడం వేరు. మోకాలు మార్చినవాళ్లకి కూడా మోకాలి కింద దిండు వద్దనే చెబుతాం. ఇది నా సొంత అభిప్రాయం కాదు, ఫిజియో చదివిన ఎవరినైనా అడగండి.

కడప_స్పైకర్
ఒక్క నిమిషం సార్. నాకు మా ఫిజియో టవల్ చుట్టి మోకాలి కిందే పెట్టమన్యాడు. దాన్ని కిందికి నొక్కి పట్టుకోమన్యాడు. మీరేమో మోకాలి కింద ఏమీ పెట్టొద్దంటారు. ఎవురి మాట నమ్మాల?

గోదారి_అబ్బాయి
అదే నేను అడిగేది. తలా ఒకటి చెబితే పల్లెటూరి వాళ్లు ఏం చెయ్యాలి?

ఫిజియో_పన్నెండేళ్లు
టవల్ రోల్ వ్యాయామం. తొడ బిగించి, ఐదు పది సెకన్లు మోకాలితో టవల్‌ని కిందికి నొక్కి వదలాలి. మోకాటి చిప్ప తొడవైపు లాగినట్టు కదలాలి, అప్పుడే కండ పనిచేసినట్టు. అయిపోగానే టవల్ తీసెయ్యాలి. దానికీ రాత్రంతా దిండు పెట్టుకుని పడుకోవడానికీ తేడా తెలియకుండా వాదించకండి. చదువు మీది కాదు, నాది.

రాత్రిషిఫ్ట్_నర్సు
చదువు గురించి మాట్లాడారు కాబట్టి నేనూ మాట్లాడతాను. ఆర్థో వార్డులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. దిండు సంగతిలో మీరు చెప్పింది సరైనదే. కానీ కుర్రాడి మోకాలు మీరు చూడలేదు. మెనిస్కస్ కూడా చినిగిందని రాశాడు, మీరు దాన్ని వదిలేశారు. కాలు సాగకపోవడం రెండు రకాలు. బిగుసుకుని సాగకపోవడం ఒకటి. చినిగిన మెనిస్కస్ ముక్క ఎముకల మధ్యకి జరిగి, తలుపు సందులో రాయి ఇరుక్కున్నట్టు అడ్డం పడటం ఇంకోటి. రెండోదైతే మడమ కింద దిండు పెట్టి నొక్కితే లాభం లేదు, ఇంకా చిరిగే ప్రమాదం ఉంది. బాబూ, చాపేటప్పుడు వెనకవైపు లాగినట్టు ఉంటుందా, ఒకచోట టక్కున ఆగిపోయి లోపల పొడిచినట్టు ఉంటుందా? రెండోదైతే వ్యాయామం ఆపి ఈ వారమే సర్జన్‌కి చూపించు. ఇంకొకటి, పిక్క వాచి గట్టిపడి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, అది రేపటికి వాయిదా వేసే విషయం కాదు.

ఫిజియో_పన్నెండేళ్లు
సరే, ఆ మాట నేను ముందే రాయాల్సింది. మోకాలు లాక్ అయ్యిందేమో చూడకుండా నొక్కకూడదు. ఒప్పుకుంటున్నాను.

లెక్కల_మాస్టారు
నాకు 52. మెనిస్కస్ అరిగి చిరిగిందని ఎమ్మారైలో వచ్చింది. చిన్న రంధ్రాలు పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్ చేసి చిరిగిన ముక్క తీసేద్దామన్నారు. మా అబ్బాయి ఫిన్లాండ్‌లో జరిగిన పరిశోధన గురించి చెప్పాడు. 2013లో వచ్చింది. 35 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు, వయసుతో చిరిగిన మెనిస్కస్ ఉన్నవాళ్లు 146 మంది. సగం మందికి నిజం ఆపరేషన్, మిగతా సగానికి కోతపెట్టి ఆపరేషన్ చేసినట్టు నటించారట. ఏడాదికి ఇద్దరి నొప్పీ ఇంచుమించు ఒకేలా తగ్గింది. నేను ఆపరేషన్ వద్దనుకుని ఆరు నెలలు తొడ వ్యాయామాలు, స్థిరంగా ఉండే సైకిల్ తొక్కాను. ఇప్పుడు రెండు పీరియడ్లు వరసగా నిలబడి చెప్పగలను. బాసింపట్టు మాత్రం ఇంకా పడటం లేదు, పూజ కుర్చీలోనే.

కడప_స్పైకర్
మాస్టారూ, మీది వయసుతో అరిగింది, ఈ పిల్లోనిది ఆటలో దెబ్బ తగిలి తెగింది. రెండూ ఒకటి కాదు. మీరు రాసింది చదివి ఇతను ఆపరేషన్ మానుకుంటే?

లెక్కల_మాస్టారు
నా అనుభవం చెప్పాను నాయనా. అతన్ని మానుకోమనలేదు.

డాలస్_తెలుగమ్మ
ఇక్కడ మా పాప సాకర్ ఆడుతూ ఏసీఎల్ తెంపుకుంది, 16 ఏళ్లు. ఆపరేషన్ కంటే ముందు ఆరు వారాలు ఫిజియో చేయించారు. వాపు పోవాలి, కాలు పూర్తిగా చాపాలి, తొడ బిగించి కాలు నిటారుగా ఎత్తినప్పుడు మోకాలు కొంచెం కూడా వంగకూడదు, అది వచ్చాకే తేదీ ఇచ్చారు. తర్వాత తొమ్మిది నెలలకి కూడా ఊరికే పంపలేదు. ఒంటికాలి గెంతులు గెంతించి, రెండు కాళ్ల దూరాలూ కొలిచి, దెబ్బ తగిలిన కాలు రెండోదానితో కనీసం 90 శాతం వచ్చాకే మైదానంలోకి. మా ఇన్సూరెన్స్ ఇచ్చిన విజిట్లు సగంలోనే అయిపోయాయి, మిగతావి చేతి డబ్బులు. మీకు అక్కడ ఫిజియో చవకగా దొరుకుతుంది, దాన్ని వదులుకోకండి.

గోదారి_అబ్బాయి
చవకా? మా దగ్గర క్లినిక్‌లో పడుకోబెట్టి అరగంట కరెంటు ప్యాడ్లు పెడతారు, ఇంకో పది నిమిషాలు ఏదో జెల్ రాసి మిషన్ తిప్పుతారు, డబ్బులు తీసుకుని పంపేస్తారు. నెలరోజులు తిరిగాను. ఒక్క వ్యాయామం నేర్పలేదు. నాది ఏసీఎల్ కూడా కాదు, మోకాటి చిప్ప వెనక నొప్పి. మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చుని లేచేటప్పుడు ప్రాణం పోయేది.

ఫిజియో_పన్నెండేళ్లు
ఈ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. చిప్ప నొప్పికి మందు మిషన్ కాదు, తొడ కండ, తుంటి పక్క కండ. పక్కకి పడుకుని పైకాలు ఎత్తడం, చిన్న మెట్టు ఎక్కి దిగడం, నొప్పి తక్కువగా ఉండే మేరకే వంచుతూ వారం వారం పెంచడం. మిషన్ కింద పడుకోబెట్టి పంపేవాళ్ల వల్లే మా వృత్తికి చెడ్డపేరు. ఏసీఎల్‌లో మాత్రం తొడ కండ పూర్తిగా మొద్దుబారినప్పుడు కరెంటు పెట్టి దాన్ని లేపుతాం, అదొక్కటి పనికొస్తుంది.

గోదారి_అబ్బాయి
ఈ రెండు ముక్కలు నాకు ఆ నెలరోజుల్లో ఎవరూ చెప్పలేదండీ. దిండు గురించి గట్టిగా మాట్లాడాను, ఏమీ అనుకోకండి.

హైదరాబాద్_షటిల్
అందరూ తొమ్మిది నెలలంటున్నారు. సైనా 2016 ఆగస్టులో మోకాలి సర్జరీ చేయించుకుని ఆ ఏడాదే కోర్టులోకి రాలేదా? మరుసటి ఏడాది ఆగస్టులో గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం కూడా కొట్టింది. గట్టిగా చేస్తే నాలుగైదు నెలల్లో అయిపోతుంది తమ్ముడూ, భయపడకు.

కడప_స్పైకర్
అన్నా, దయచేసి ఇట్లాంటివి రాయొద్దు. ఆమెది ఏసీఎల్ కాదు. రిషబ్ పంత్‌ని చూడు. 2022 డిసెంబర్‌లో యాక్సిడెంట్, మోకాలి లిగమెంట్లు తెగినాయి. మళ్లా ఆడింది 2024 మార్చిలో ఐపీఎల్‌కి. చుట్టూ అంతమంది ఫిజియోలు ఉండి కూడా ఏడాది పైన పట్టింది. నా స్నేహితుడు ఐదో నెలలో కబడ్డీ కోర్టులో దిగి, కొత్తగా వేసిన లిగమెంట్ మళ్లా తెంపుకున్యాడు. రెండో ఆపరేషన్‌కి వాళ్ల నాయిన ఎద్దుల్ని అమ్మినాడు. నాలుగు నెలలు అని రాసేముందు ఆ ఇంటిని ఒకసారి తలుచుకో.

హైదరాబాద్_షటిల్
ధైర్యం చెబుదామని రాశాను. ఏసీఎల్ కాదని నాకు తెలియదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఫిజియో_పన్నెండేళ్లు
నార్వే వాళ్ల లెక్క ఒకటి ఉంది, 2016లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల వరకు, ఆటకి తిరిగి రావడాన్ని ఆపిన ఒక్కో నెలకీ మళ్లీ దెబ్బ తగిలే అవకాశం సుమారు సగం తగ్గింది. ఆపరేషన్ కావాలా వద్దా అన్నదానికి స్వీడన్‌లో 2010 నాటి పరిశోధన. ఆటలాడే 121 మంది కుర్రవాళ్లు. ముందు ఫిజియో చేసి చూద్దాం అన్నవాళ్లలో సుమారు 60 శాతం మందికి రెండేళ్లదాకా ఏసీఎల్ ఆపరేషన్ అవసరం పడలేదు. అయితే కబడ్డీలో రైడర్ ఒంటికాలి మీద గిరుక్కున తిరగాలి. మెట్ల మీదే జారుతున్న మోకాలితో అది కష్టం. కబడ్డీ వదిలేసి తిన్నగా పరుగు మాత్రమే కావాలంటే లెక్క వేరు. అది నువ్వు, నీ సర్జన్ కూర్చుని తేల్చుకోవాలి.

రైడర్_కరీంనగర్ (శుక్రవారం, సాయంత్రం 6:15)
అందరికి దండాలు. నర్సక్క చెప్పినట్టు సర్జన్ దగ్గరికి పోయిన. లోపల అడ్డం ఏం లేదన్నరు, ఉత్త బిగుతే. దిండు ఆయన గూడ తీసెయ్యమన్నరు. అమ్మకు కూసోవెట్టి చెప్పిన, బాధవడ్డది, గిప్పుడు ఆమెనే గడియారం చూసి మడమ కింద దిండు వెడుతుంది. మొన్న చాపి పండుకుంటే మోకాలు వెనుక రెండు వేళ్లు దూరుతుండె, ఇయ్యాల ఒక్క వేలే దూరుతుంది. ఆపరేషన్ మాట ఆరు వారాలు ఫిజియో చేసినంక చెప్త అన్నరు. ఈసారి ఈవెంట్స్ వదులుకున్న. కబడ్డీ గురించి ఇంకా తేల్చుకోలే. ఆరోగ్యశ్రీ గురించి ఎవలు చెప్పలే.

రాత్రిషిఫ్ట్_నర్సు
నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది బాబూ. కార్డు, ఆధార్, ఎమ్మారై రిపోర్టు పట్టుకెళ్లి నీకు రాసిన ఆపరేషన్ పేరు చూపించి అడుగు. గ్రాఫ్ట్ (కొత్తగా వేసే లిగమెంట్) బిగించే స్క్రూలు, మోకాలికి కట్టే బ్రేస్ అందులో వస్తాయా రావా అన్నది కూడా అప్పుడే అడుగు, తర్వాత కాదు.

డాలస్_తెలుగమ్మ
మాస్టారూ, ఇండియాలో మా అమ్మకి సైకిల్ కొందామనుకుంటున్నాం. సీటు ఎంత ఎత్తులో పెట్టుకున్నారు?

లెక్కల_మాస్టారు
పెడల్ పూర్తిగా కిందికి దిగినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేలా పెట్టండమ్మా. తక్కువ ఎత్తులో పెడితే చిప్ప మీద ఒత్తిడి పడి నొప్పి పెరుగుతుంది. నేను మొదటి రెండు వారాలు ఆ పొరపాటే చేశాను. మొదట్లో పది నిమిషాలు చాలు, పెడల్ బిగుతు తగ్గించి తొక్కమనండి.