10 ఆంప్స్‌కి పాస్, 25 ఆంప్స్‌కి ఫెయిల్: ఎర్త్ టెస్ట్‌లో దేన్ని నమ్మాలి?

ప్రశ్న:
మా లైన్ మీద రెండు రకాల ప్రొడక్టులు వస్తాయండి. ఒకటి ఇళ్లలో వాడేది, ఐఈసీ 60335-1 అనే భద్రతా స్టాండర్డ్ కింద, కేబుల్ దానికే బిగించి ఉంటుంది. రెండోది ల్యాబ్‌లో వాడే కొలత పరికరం, ఐఈసీ 61010-1, దీని పవర్ కేబుల్ ఊడదీయొచ్చు. మొదటిదానికి 10 ఆంప్స్ పంపి, ఎర్త్ దారి రెసిస్టెన్స్ 0.2 ఓమ్ లోపు ఉందా అని చూస్తున్నాం, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. రెండోదానికి 25 ఆంప్స్, ఒక నిమిషం, 0.1 ఓమ్ అని సెట్ చేసి ఇచ్చారు. మొదట్లో 98 మిల్లీఓమ్‌లు చూపిస్తుంది, నిమిషం అయ్యేసరికి మెల్లగా పాకి 112, ఫెయిల్. కొలిచేది ప్లగ్ ఎర్త్ పిన్ నుంచి వెనక ప్యానెల్ స్క్రూ దాకా, కేబుల్ 2 మీటర్లు, 0.75 చదరపు మిల్లీమీటర్లు. అదే పీస్‌ని మొదటి సెట్టింగ్‌లో పెడితే పాస్. ఎర్త్ ఒకటే కదా, ఒక స్టాండర్డ్‌కి మంచిదైంది ఇంకోదానికి ఎలా చెడిపోతుంది? రేపు సరుకు వెళ్లాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
కేబుల్ ఊడదీసి, పరికరం ఇన్లెట్‌లో (కేబుల్ గుచ్చే చోట) ఉన్న ఎర్త్ పిన్ నుంచి కొలవండి. 61010-1 పెట్టిన 0.1 ఓమ్ లిమిట్‌లో పవర్ కేబుల్ లెక్కలోకి రాదు. 0.75 రాగి తీగ మీటరుకి దాదాపు 26 మిల్లీఓమ్‌లు, అంటే మీ 112లో సగం దాకా కేబుల్‌దే. రీడింగ్ పాకడానికి కారణం కూడా అదే అనుకుంటున్నా, 25 ఆంప్స్ నిమిషంపాటు పోతే అంత సన్నటి తీగ బాగా వేడెక్కుతుంది, వేడెక్కితే రాగి రెసిస్టెన్స్ పెరుగుతుంది. టెస్ట్ అయిన వెంటనే కేబుల్ పట్టుకుని చూడండి. అందుకని 112లోంచి 52 తీసేసి సరిపెట్టుకోకండి, ఇన్లెట్ నుంచే కొలవండి, నాలుగు వైర్ల పద్ధతిలో (కరెంట్‌కి రెండు, వోల్టేజ్‌కి విడిగా రెండు, టెస్ట్ వైర్ల రెసిస్టెన్స్ కలవకుండా). మొదటిదానికి 0.2 ఎందుకంటే అక్కడ కేబుల్‌తో కలిపి కొలుస్తారు.

జవాబు 2:
పైవారు చెప్పింది కరెక్ట్. ఇంకోటి, మీకు సెట్ చేసి ఇచ్చినవాళ్లు టైప్ టెస్ట్‌ని తెచ్చి లైన్ మీద పెట్టారు. 25 ఆంప్స్, ఒక నిమిషం అనేది డిజైన్ తట్టుకుంటుందా అని శాంపిల్ మీద చూసేది. ప్రతి పీస్‌కీ చేసే రొటీన్ టెస్ట్‌లో 61010-1 అడిగేది ఎర్త్ కంటిన్యుటీ ఒక్కటే, ఇంత కరెంట్ అని చెప్పదు. 60335-1లోనూ టైప్, రొటీన్ వేరువేరు, టైప్ టెస్ట్‌కి 25 ఆంప్స్ లేదా రేటెడ్ కరెంట్‌కి ఒకటిన్నర రెట్లు, ఏది ఎక్కువైతే అది. మీరు వాడే 10 ఆంప్స్ రొటీన్‌ది. మీరు పోల్చింది రెండు స్టాండర్డ్‌లని కాదు, ఒకదాని రొటీన్‌నీ ఇంకోదాని టైప్ టెస్ట్‌నీ.

అలాగని మల్టీమీటర్‌తో బీప్ వింటే చాలనుకోవద్దు. తీగ లగ్‌లో (తీగ కొసకి నొక్కే లోహపు ముక్కలో) సరిగా కూర్చోక 0.2 మిల్లీమీటర్ల పోగు ఒక్కటే పట్టుకుని ఉందనుకోండి, సెంటీమీటరు పోగు 5, 6 మిల్లీఓమ్‌లకి మించదు, మీటర్‌కి తేడానే తెలియదు. నిజంగా ఫాల్ట్ వచ్చినరోజు ఆ పోగు కాలిపోతుంది, బాడీకి కరెంట్ అలాగే ఉంటుంది. అందుకే లైన్ మీద కూడా కొన్ని సెకన్లు పెద్ద కరెంట్ పంపడం నాకు ఇష్టం. అదీ హైపాట్ (హై వోల్టేజ్‌తో ఇన్సులేషన్ చూసే టెస్ట్) కంటే ముందు. క్లిప్ రోజూ ఒకే స్క్రూకి పెట్టకండి, చేతికి తగిలే ప్రతి లోహ భాగమూ చూడండి.

అడిగినవారు:
ఇన్లెట్ నుంచి కొలిచాం. వెనక ప్యానెల్ 43, నిమిషం తర్వాత కూడా 44. కేబుల్ నిజంగానే వేడిగా ఉంది. కానీ మీరన్నారని సైడ్ ప్యానెల్‌కి క్లిప్ పెడితే, 10 ఆంప్స్‌కే రీడింగ్ 190కీ 260కీ మధ్య ఊగుతోంది. స్క్రూ విప్పితే వాషర్ కింద పౌడర్ కోటింగ్ అలాగే ఉంది, స్క్రూ మరల దగ్గర మాత్రమే లోహం తగులుతోంది. ఇన్నాళ్లూ మేం వెనక ప్యానెల్ తప్ప ఇంకేదీ చూడలేదు.

జవాబు 2:
అయితే రేపటి సరుకు ఆపండి. ఉన్నవాటికి ఆ చోట కోటింగ్ గీకి, పళ్ల వాషర్ వేసి, ఆ ప్యానెల్ నుంచి ఎర్త్ స్టడ్‌కి విడిగా ఒక తీగ లాగండి. కొత్తవాటికి కోటింగ్‌కి ముందే ఆ చోటు మాస్క్ చేయించండి. బిగించాక అన్ని ప్యానెల్‌లూ ఇన్లెట్ పిన్ నుంచి మళ్లీ కొలవండి. ఇంతకుముందు పంపిన బ్యాచ్‌లలో కూడా ఇదే ప్యానెల్ ఉందేమో చూడండి.