పార్కు మూలన తడి చెత్తతో ఎరువు: 60 ఇళ్లకు ఎన్ని తొట్లు? గేటుకు తాళం వేయొచ్చా?

హన్మకొండ_కాలనీ:
మా కాలనీలో 60 ఇళ్లు. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన 600 గజాల జాగా ఉంది, కానుగ, నిద్రగన్నేరు చెట్లు బాగా పెరిగాయి. రాలిన ఆకంతా కుప్పేసి కాలబెడుతున్నారు. ఆ ఆకునే ఇళ్ల తడి చెత్తలో కలిపి అక్కడే ఎరువు చేద్దామనుకుంటున్నాం. తొట్లు ఎన్ని, ఏ కొలతలో కట్టాలి? వాసన రాకుండా ఏం చేయాలి? ఇంకోటి, తొట్లు పెట్టాక బయటివాళ్లు రాకుండా గేటుకు తాళం వేద్దామని కొందరంటున్నారు. వేయొచ్చా?

ఇటుకపని:
ఇంటికి రోజుకు అరకిలో లెక్కన 30 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు నాలుగేసి అడుగులుండే తొట్లు నాలుగు సరిపోతాయి. వేసింది వారంలోనే సగానికి దిగిపోతుంది కాబట్టి ఒక్కోటి నిండడానికి 20 నుంచి 25 రోజులు పడుతుంది. నాలుగోది నిండేసరికి మొదటిది మగ్గిపోయి ఉంటుంది.

ఇటుకల మధ్య రెండేసి అంగుళాల సందు వదిలి జాలీలా కట్టించండి. లోపలి వైపు అర అంగుళం కన్ను మెష్ కొట్టకపోతే ఎలుకలు కాపురం పెడతాయి. ముందు వైపు గోడ వద్దు, తీసి పెట్టుకునే చెక్కలుండాలి, లేదంటే పారతో తిరగేయడం కుదరదు. అడుగున సిమెంటు చేయించొద్దు. మట్టి మీదే అర అడుగు మందాన ఎండు కొమ్మలు, కొబ్బరి డొక్కలు పరవండి, గాలి కింది నుంచి లాగుతుంది. పైన రేకు తప్పనిసరి.

ఎండాకు:
వాసన వచ్చేది ఆకు తక్కువైనప్పుడేనండీ. బకెట్ తడి చెత్తకు బకెట్ నలిపిన ఎండాకు. అన్నం, పండ్లు ఎక్కువుంటే రెండు బకెట్లు. ముక్కు మండే ఘాటు వస్తే నత్రజని ఎక్కువైందని అర్థం, ఆకు కలపండి. కుళ్లిన గుడ్డు కంపు వస్తే లోపల గాలాడట్లేదు, అప్పుడు ఆకు కలపడమే చాలదు, మొత్తం తిరగేయాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారకూడదు. మూడు నాలుగు రోజులకు ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాలాగి తీయండి, చేత్తో పట్టుకోలేనంత కాలాలి. చల్లగా ఉందంటే తడి చాలలేదు, లేదా కుప్ప చిన్నది. సాంబారు, చారు వడకట్టి పిప్పి మాత్రమే వేయమనండి.

చాలాచోట్ల ఈ పని ఆగిపోయేది వానాకాలంలోనే. ఆకు రాలేది మాఘం, ఫాల్గుణాల్లో, చెత్త నీరు కారేది శ్రావణంలో. మీకు రోజుకు దాదాపు ఒక గోనె సంచి నలిపిన ఆకు కావాలి. అంటే జూన్ నుంచి సెప్టెంబర్ వరకు 120 సంచులు. 10 అడుగుల పొడవు, 6 వెడల్పు, 5 ఎత్తున మెష్ బోను ఒకటి కట్టి, రేకు వేసి, వేసవిలోనే నింపుకోండి. తొట్ల కంటే ముందు ఇది కట్టండి. కాలబెట్టడం ఈ రోజే ఆపించండి, దయచేసి.

లేఅవుట్_కాగితం:
తాళం వేయకూడదు. లేఅవుట్‌లో పార్కుగా చూపించి మునిసిపాలిటీకి రాసిచ్చిన జాగా ఊరందరిదీ, అసోసియేషన్‌ది నిర్వహణ మాత్రమే. పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇవ్వడం చెల్లదని బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ముందు లేఅవుట్ నకలు, గిఫ్ట్ డీడ్ తీసి చూడండి. తొట్ల కొలతలు, చోటు గుర్తించిన నక్షా జతచేసి కమిషనర్‌కు అర్జీ ఇచ్చి, రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే ఇటుక దింపండి. బోరుకు, పిల్లలు ఆడుకునే చోటుకు, పక్కింటి కిటికీలకు దూరంగా పెట్టండి. తాళం తొట్ల మూతలకు వేసుకోండి. ఎటూ పని చేయిస్తున్నారు కాబట్టి గేటు దగ్గర 90 సెంటీమీటర్ల దారి, అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున ర్యాంపు వేయిస్తే చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకూ దారుంటుంది.

హన్మకొండ_కాలనీ:
ఆకు బోను సంగతి మాకు తట్టనే లేదు, ధన్యవాదాలండీ. తయారైన ఎరువు జల్లించాలా?

ఎండాకు:
నీడలో రెండు వారాలు ఆరనిచ్చి 4 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. పైన మిగిలిన పుల్లలు, గట్టి ముక్కలు పారేయొద్దు, కొత్త తొట్టిలో రెండు గంపలు వేస్తే అదే తోడు.