నలుగురు పనిచేసే నగల గదిలో శుభ్రం ఎవరు చూడాలి?

వెండితీగ:
అందరికీ నమస్కారం. కూకట్‌పల్లి దగ్గర ఒక ఇంటి రెండో అంతస్తులో నలుగురం కలిసి ఒక గది అద్దెకు తీసుకుని పని చేసుకుంటున్నాం. నాది వెండి పని: జుంకాలు, ముక్కుపుడకలు, తీగ నగలు. ఒకాయన ఇత్తడిలో టెంపుల్ నగలు చేస్తారు. ఒకమ్మాయిది రాళ్ళు పొదిగే పని. నాలుగో ఆయన షాపులకు బంగారం రిపేర్లు చేసిపెడతారు. అద్దె, కరెంటు, గ్యాస్ సమానంగా పంచుకుంటాం, అక్కడ పేచీ లేదు. పేచీ అంతా సాయంత్రం గది సర్దే దగ్గరే.

మొన్న టంకం పెట్టిన జుంకాల జత పికిల్‌లో, అంటే మంటకు పట్టిన నలుపు తీసే యాసిడ్ నీళ్ళలో వేసి, కిందికెళ్ళి టీ తాగి వచ్చేసరికి రెండూ ఎర్రగా రాగి రంగు తిరిగాయి. చూస్తే గిన్నెలో ఒక ఇనుప పట్టకారు మునిగి ఉంది. ఎవరిదని అడిగితే ఎవరిదీ కాదట! పాతబడిన పికిల్‌ని బాత్‌రూమ్‌లో పారబోస్తున్నారు. రిపేర్ల ఆయన కేడీఎం (కాడ్మియం కలిపిన) టంకం ఊదుతుంటే పొగ నా టేబుల్ దాకా వస్తుంది. కిటికీ తీస్తే గాలికి మంట నిలవట్లేదని మూసేస్తారు.

అలాగని వాళ్ళలో ఒక్కరూ బద్ధకస్తులు కాదు. ఎవరి సొరుగులో రజను (రాకినప్పుడు రాలే లోహపు పొడి) వాళ్ళు బ్రష్‌తో రవ్వంత కూడా వదలకుండా ఎత్తుకుంటారు. రిపేర్ల ఆయనైతే లేచే ముందు చొక్కా చేతులు కూడా సొరుగులోకే దులుపుతారు. పికిల్ గిన్నె, పాలిష్ మోటర్, గ్యాస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటారు. వాట్సాప్‌లో రూల్స్ పెడితే ముగ్గురూ బొటనవేలు చూపించారు, అంతే. ఇలా కలిసి పనిచేసేవాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు? పాత పికిల్‌ని ఏం చేయాలి? ఆ పొగ సంగతి తలుచుకుంటే నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

ప్రొద్దుటూరు_పట్టెడ:
అమ్మా, నువ్వు చెప్పిన దాంట్లోనే కిటుకు ఉంది. రజనుకు ధర ఉంది, కాబట్టి దానికి యజమాని ఉన్నాడు. పికిల్ నీళ్ళకు ధర లేదు, అందుకే దిక్కు లేదు. నేల మీద ఊడ్చిన మట్టికి కూడా ధర ఉందని మీ వాళ్ళకు గుర్తుచెయ్యి. మా పట్టెడలో (నగలు చేసే చోట) చేతులు కడిగిన నీళ్ళు కూడా పారబోసేవాళ్ళం కాదు. తొట్టిలో పోసి, అడుగుకు దిగిన మడ్డి దాచేవాళ్ళం. మట్టి కొనేవాళ్ళు వచ్చి తీసుకెళ్ళేవారు.

మీరూ మూత ఉన్న డ్రమ్ము ఒకటి పెట్టండి. నేల మట్టి, అరిగిపోయిన ఎమరీ పేపర్లు, పాలిష్ మోటర్ దగ్గర పేరుకునే నూగు, అన్నీ అందులోకే. అందులో బంగారం, వెండి కలిసే ఉంటాయి, విడదీయడం కొనేవాడి పని. కాల్చడం కూడా వాడి పనే, మీరు కాల్చొద్దు. అమ్మితే వచ్చిన డబ్బు ఎవరికీ పంచకండి. గది ఖర్చులకే. ఇత్తడి ఆయన మూల మాత్రం వేరుగా ఊడ్చాలి, లేకపోతే మట్టి ధర పడిపోతుంది. నీ సొరుగులో వెండి రజను మీద అయస్కాంతం ఒకసారి తిప్పు, తెగిన రంపపు బ్లేడు ముక్కలు అంటుకుని వచ్చేస్తాయి.

ఇక కేడీఎం. ఇందులో మాత్రం మొహమాటపడకు. అది కాడ్మియం. 321 డిగ్రీలకే కరుగుతుంది, 767కి మరుగుతుంది. బంగారానికి టంకం పారే వేడి కూడా ఆ చుట్టుపక్కలే, అంటే ఊదిన ప్రతిసారీ కొంత ఆవిరైపోతున్నట్టే. పీల్చినప్పుడు పెద్దగా ఏమీ తెలియదు. కొన్ని గంటల తర్వాత జ్వరం, దగ్గు, ఛాతీ బిగుసుకుపోవడం. జలుబు చేసిందనుకుని పడుకుంటారు. ఏళ్ళ తరబడి పీలిస్తే కిడ్నీలు పాడవుతాయి, కాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో కూడా ఉంది. గుడ్డ మాస్క్ దీనికి అడ్డం కాదు. కాడ్మియం లేని టంకం 22 క్యారట్‌కి కూడా దొరుకుతుంది. మంట కొంచెం చూసుకుని ఊదాలి, అంతే. ఆయన మానకపోతే ఆ పని ఈ గదిలో వద్దని చెప్పు. ఆయన కూర్చునేదే ఆ పొగకు అందరికంటే దగ్గరగా, ఆ మాట కూడా చెప్పు.

కెమిస్ట్రీ_మేష్టారు:
జుంకాల సంగతి నేను చెప్తాను. వాడిన పికిల్‌లో రాగి కరిగి ఉంటుంది, ఆ నీలం రంగు దానిదే. అందులో ఇనుము పడితే ఇనుము కరుగుతూ రాగిని బయటికి నెడుతుంది, అది అక్కడున్న వెండి మీద పూతలా పడుతుంది. నగ పాడవలేదు. కొత్త పికిల్ కొంచెం వేరే గాజు గిన్నెలో తీసుకుని, మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కాస్త కలిపి, గాలి తగిలే చోట ముంచండి. పూత కరిగిపోతుంది. గిన్నె దగ్గర ఇకనుంచి రాగి పట్టకారో ప్లాస్టిక్‌దో ఒకటి దారం కట్టి వేలాడదీయండి. దారం ఉంటే టేబుల్ దాకా నడిచి వెళ్ళదు.

పాత పికిల్‌ని వెడల్పాటి ప్లాస్టిక్ బకెట్‌లోకి తీసి, తినే సోడా కొంచెం కొంచెంగా వేయండి. ఒక్కసారి గుమ్మరిస్తే పొంగి మీద పడుతుంది. బుసబుస ఆగిందంటే యాసిడ్ పోయినట్టు. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుని పారబోస్తారు. యాసిడ్ పోయింది గానీ రాగి ఎక్కడికీ పోలేదు, అడుగున పచ్చగా నీలంగా దిగేది అదే. ఆ మడ్డిని ఎండబెట్టి డబ్బాలో దాచండి. బాలానగర్ వైపు ప్లేటింగ్ యూనిట్ ఎవరైనా తెలిస్తే అడగండి, తమ దగ్గర మిగిలే వ్యర్థాల బురదతో పాటు పంపడానికి ఒప్పుకోవచ్చు. ప్రమాదకర వ్యర్థాల కేంద్రం దుండిగల్‌లో ఉంది, కానీ ఒక డబ్బా పట్టుకుని అక్కడికి వెళ్ళడం అయ్యే పని కాదు.

రిపేర్ల ఆయన నైట్రిక్ యాసిడ్ వాడుతున్నారా? రాగి మీద పడితే గోధుమ రంగు పొగ వస్తుంది. అది గది లోపల అసలు వద్దు. సయనైడ్‌తో మెరుగు పెట్టడం అన్న మాట వినిపిస్తే ఇక చర్చ కూడా అనవసరం. అది యాసిడ్‌తో కలిస్తే వచ్చే గ్యాస్ ప్రాణం తీస్తుంది.

టెక్సస్_తెలుగమ్మాయి:
మేము ఇక్కడ కాలేజీ స్టూడియోలో బోర్డు మీద సంతకం పెడతాం. చివర వెళ్ళేవాళ్ళు గ్యాస్, పికిల్ వేడిచేసే కుక్కర్ ప్లగ్గు, మోటర్, ఈ మూడూ చూసి పేరు రాయాలి. మర్చిపోతే జరిమానా. ఎల్పీజీ గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. పైనున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని నమ్ముకోవద్దు. రెగ్యులేటర్ దగ్గర ఆపి, ట్యూబులో మిగిలింది మంటలో కాలిపోయాకే టంకం ఊదే టార్చ్ కట్టేయాలి.

పాలిష్ మోటర్ దగ్గర జుట్టు ముడి, చున్నీ తీసేయడం తప్పనిసరి. గ్లోవ్స్ వేసుకోకూడదు, చక్రం గుడ్డను పట్టిందంటే చెయ్యి కూడా లాగేస్తుంది. గొలుసులైతే చెక్కకు చుట్టి మాత్రమే పాలిష్ పెట్టాలి, వేలికి చుట్టుకుని కాదు.

ప్రొద్దుటూరు_పట్టెడ:
అంతా సరే గానీ అమ్మాయ్, జరిమానా మనవాళ్ళ దగ్గర నడవదు. యాభై రూపాయలు పడేసి, డబ్బు కట్టేశాంగా అంటారు. సంతకం మాత్రం పెట్టించండి.

వెండితీగ:
అందరికీ థాంక్స్. జుంకాలు తెల్లబడ్డాయి మేష్టారూ! డ్రమ్ము మాట చెప్పగానే ముగ్గురూ వెంటనే ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో ముందు గ్యాస్ ట్యూబు మార్చాలని, తర్వాత రిపేర్ల ఆయన టేబుల్ మీద పొగ లాగే హుడ్ పెట్టించాలని అనుకున్నాం. మంట ఆరకుండా పొగ పోతుందంటే ఆయనకూ అభ్యంతరం లేదు. కేడీఎం మాత్రం ‘చేతిలో ఉన్నది అయిపోనీ’ అంటున్నారు. హుడ్ పెట్టేదాకా దాన్ని ఊదొద్దని చెప్పాను, కాస్త ముఖం మాడ్చుకున్నారు. పికిల్‌కి నిమ్మ ఉప్పు వాడొచ్చని విన్నాను, పనిచేస్తుందా?

కెమిస్ట్రీ_మేష్టారు:
చేస్తుంది. లీటరు వేడి నీళ్ళకు వంద గ్రాములు, కాస్త నిదానంగా పనిచేస్తుంది. ఘాటు వాసన ఉండదు. కానీ రాగి ఇందులోనూ కరుగుతుంది, కాబట్టి దీన్నీ బాత్‌రూమ్‌లో పారబోయకండి. వంటింటి గిన్నె వాడకండి, డబ్బా మీద పెద్దక్షరాలతో పేరు రాసి పెట్టండి.