చెక్క అచ్చక్షరాలను విడివిడిగా కొని గోడకు పెట్టుకోవడం తప్పా?

ఒహాయో నాన్న:
ఆదివారం ఇక్కడి పాత సామాన్ల సంతలో, ఒకప్పుడు పోస్టర్లు అచ్చేసిన చెక్క అక్షరాలు కనిపించాయి. అరచేతంత ఎత్తు, ఒక్కోటి 9 డాలర్లు. మా పాప అన్విత పేరుకి ఇంగ్లీషులో కావలసిన ఏడూ ఏరుకున్నాను, ఫ్రేము కట్టించి తన గదిలో పెడదామని. పక్కనున్న పెద్దాయన "సెట్టు పాడుచేస్తున్నారు" అని చాలా బాధపడ్డారు. నిజంగా తప్పేనా?

పాత కంపోజిటర్:
తప్పనే అంటాను తమ్ముడూ. నేను తెనాలిలో ఒక ప్రెస్సులో పన్నెండేళ్లు కంపోజింగ్, అంటే అచ్చుకి అక్షరాలు పేర్చే పని, చేశాను. అచ్చక్షరాలు అక్కర్లేని ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాక మా ఓనరు సీసం అక్షరాలన్నీ కాటాకి వేసి అమ్మేశాడు. అక్షరాలు పెట్టే అరలు ఖాళీ అవుతుంటే చూడలేక బయటికి వచ్చేశాను.

అమెరికాలో సెట్టు ఎంత పెద్దదో అందులోని 'ఏ'ల లెక్కతో చెప్పేవారు, 3ఏ, 4ఏ అని. 'ఈ' లాంటివి ఇంకా ఎక్కువ, 'క్యూ' ఒకటో రెండో. పిల్లల పేర్ల కోసం జనం ఏరుకునేవి ఆ 'ఏ'లూ 'ఈ'లే. అవి పోయాక మిగిలిన క్యూలతో, జెడ్‌లతో ఏ పోస్టరు వేస్తాం? ఇంకో సంగతి, తయారుచేసిన కంపెనీ ముద్ర మామూలుగా 'ఏ' అంచునే ఉంటుంది. మీ రెండు 'ఏ'లూ ఒకసారి తిప్పి చూడండి.

హ్యూస్టన్ సరిత:
మీ బాధ అర్థమైంది బాబాయ్ గారూ, కానీ ఒప్పుకోలేను. 1827లో న్యూయార్కులో డేరియస్ వెల్స్ రూటర్‌తో, అంటే చెక్కని తొలిచే యంత్రంతో, అక్షరాలు కోయడం మొదలుపెట్టాక అవి కుప్పలుగా తయారయ్యాయి. ప్రెస్సులు మూతపడ్డాక పొయ్యిలోకి పోయినవీ ఉన్నాయి. విస్కాన్సిన్‌లో టూ రివర్స్‌లోని హామిల్టన్ మ్యూజియం 15 లక్షల ముక్కల్ని కాపాడుతోంది. మిగిలినవి ఇళ్లలో గోడల మీద బతికితే నష్టమేంటి? నేను ముందు ఒక్క 'ఎస్' కొన్నాను. రోజూ దాన్ని చూసి చూసి, ఏడాది తిరిగేసరికి ఇలాంటి అక్షరాలతో అచ్చువేయడం నేర్పే లెటర్‌ప్రెస్ క్లాసులో చేరాను.

పాత కంపోజిటర్:
మంచి పని చేశావమ్మా. అయితే ఆ క్లాసులో నువ్వు అచ్చేసింది, ఎవరో విడదీయకుండా దాచిన సెట్టుతోనే కదా?

గోడకి కాగితం పెట్టుకోండి. నాష్‌విల్‌లో 1879లో మొదలైన హ్యాచ్ షో ప్రింట్ అనే ప్రెస్సు ఇప్పటికీ చెక్క అక్షరాలతో పోస్టర్లు వేస్తోంది. అలాంటి కాగితాన్ని దగ్గరగా చూడండి. అక్షరం అరిగినచోట ఇంకు పలచబడి ఉంటుంది, మూల విరిగిందైతే ఆ విరుపు కూడా దిగుతుంది.

తమ్ముడూ, అచ్చక్షరం తిరగేసి ఉంటుందని మర్చిపోకండి. మీ ఏడింటిలో మిగతావన్నీ అద్దంలోనూ ఒకేలా ఉంటాయి, 'ఎన్' మాత్రం గోడ మీద తిరగబడే కనిపిస్తుంది. ఇంకు మరకలున్నాయని నీళ్లతో మాత్రం కడగొద్దు. మేపుల్ దుంగని అడ్డంగా కోసి చేసిన చెక్క అది, నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. చెక్క అడుగు నుంచి ఇంకు పూసే ముఖం దాకా ఉండే 0.918 అంగుళాల మందం కాస్త తేడా వచ్చినా అచ్చు సమంగా పడదు.

ఒహాయో నాన్న:
చూశాను. ఒక 'ఏ' అంచున, గట్టిపడ్డ నల్ల ఇంకు కింద, హామిల్టన్, టూ రివర్స్ అని చిన్న అక్షరాలు. ఫోన్ టార్చి వేస్తే గానీ కనపడలేదు. వెంటనే స్టాలాయనకి ఫోన్ చేశాను. అదే సెట్టువి ఇంకా 62 ఉన్నాయట, 'ఈ' మాత్రం ఒక్కటీ మిగల్లేదట. అన్నీ కలిపి 300 డాలర్లు అడుగుతున్నాడు. కొనేసి, ఈ ఏడూ మళ్లీ వాటిలో కలిపేద్దామనుకుంటున్నాను. సిన్సినాటి చుట్టుపక్కల వీటితో పాప పేరు ఒక కాగితం మీద అచ్చేసి ఇచ్చే ప్రెస్సు ఎవరికైనా తెలుసా? తన పేరులో 'ఈ' లేదు కాబట్టి ఇబ్బంది ఉండదు.

హ్యూస్టన్ సరిత:
కొనండి, చాలా మంచిది. కానీ బాబాయ్ గారూ, 300 పెట్టలేనివాళ్లు ఒక్క అక్షరం ఇంటికి తెచ్చుకుంటే మాత్రం తప్పు పట్టకండి. నా 'ఎస్' ఇంకా గోడ మీదే ఉంది.