సీ బుక్కు లేని 1973 ఫియట్: అడ్వాన్సు ఇవ్వొచ్చా?

మండపేట_శ్రీను:

అందరికీ నమస్కారమండి. మా ఊరి దగ్గర మూతపడిన రైసుమిల్లు గోడౌన్లో ఒక ఫియట్ కారు ఉందండి. ప్రీమియర్ ప్రెసిడెంట్, 1973 మోడలు. పద్మిని అని పేరు మార్చకముందు వచ్చిన బండి. మా నాన్న ఆ మిల్లు ఓనరు గారి దగ్గర డ్రైవరుగా చేశారు, ఈ కారే తోలేవారు. స్టీరింగు గేరు, ముందు సీటు బల్లలా ఒకటే. ఈ బండి నంబరు ఆయనకి ఇప్పటికీ నోటికి వస్తుంది.

ఓనరు గారు పోయారు. పెద్దబ్బాయి గారు రాజమండ్రిలో, చిన్నబ్బాయి గారు అమెరికాలో ఉంటారు. గోడౌను అమ్మేస్తున్నారు కాబట్టి కారు తీసేయాలట. తుక్కువాళ్లు పాతిక వేలకి అడిగారు. "మీ నాన్న తోలిన బండి కదా, నలభైకి నువ్వు తీసుకో, వారంలో పది వేలు అడ్వాన్సు ఇవ్వు" అన్నారు పెద్దబ్బాయి గారు.

నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయాయి, లోపలంతా ఊక. ఫ్లోరు డ్రైవరు వైపు చిల్లులు పడింది. డోర్లు, బానెట్, గ్లాసులు మాత్రం అన్నీ ఒరిజినల్. వాటి గురించి నాకు బెంగ లేదండి. సీ బుక్కు (రిజిస్ట్రేషను పుస్తకం) లేదు. ఇల్లు మారినప్పుడు పోయిందంటున్నారు. డాష్‌బోర్డు అరలో 1994 నాటి ఇన్సూరెన్సు కాగితం ఒకటి దొరికింది గానీ పేరు ఉండాల్సిన చోట ఎలుకలు కొట్టేశాయి. పైగా నాన్న చెప్పేదాని ప్రకారం ఓనరు గారు ఇది షోరూంలో కొనలేదు, కాకినాడలో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నారు. పేరు మార్పించారో లేదో నాన్నకి తెలీదు.

ఒక ఏజెంటు "యాభై ఏళ్లు దాటింది కదా, వింటేజ్ కింద కొత్త నంబరు వేయిస్తా, పాత కాగితాలేమీ అక్కర్లేదు, పద్దెనిమిది వేలు అవుద్ది" అంటున్నాడు. నిజమేనా? నాకు రోజూ తిరగడానికి కాదండి. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ద్రాక్షారామం, అన్నవరం తీసుకెళ్లాలని కోరిక. ఏం చేయమంటారు?

గాజువాక_బుల్లెట్:

బ్రో, అంత ఆలోచన దేనికి. తుక్కులో పోయిన ఫియట్‌ల సీ బుక్కులు దొరుకుతాయి. ఒకటి కొని ఆ నంబరు దీనికి వేసేయ్. చాలామంది అలాగే తిప్పుతున్నారు.

ఆటోనగర్_పాతబండ్లు:

శ్రీను గారూ, ఆ పది వేలు ఇప్పుడే ఇవ్వకండి. విజయవాడ ఆటోనగర్లో పాత ఫియట్‌లు, అంబాసిడర్లు, జీపులు బాగుచేయడమే నా పని. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు బుల్లెట్ తమ్ముడు చెప్పింది మాత్రం చెయ్యకండి. వేరే కారు సీ బుక్కు దీనికి తగిలించాలంటే దీని ఛాసిస్ నంబరు (బండి రేకు మీద కొట్టిన నంబరు) గీకేసి ఆ అంకెలు కొట్టాలి. దొంగబండ్లు మార్చేవాళ్లు చేసే పని అది. రంగు వేసినా అంకెల చుట్టూ రేకు పల్లంగా ఉంటుంది, వేలు పెట్టి రాస్తే తెలిసిపోతుంది. బ్రేకు ఇన్‌స్పెక్టరు మొదట చూసేది అక్కడే. పట్టుబడితే బండి పోలీస్ స్టేషను ఆవరణలో ఉండిపోతుంది, మీ మీద ఫోర్జరీ కేసు పడుతుంది. మీ నాన్నగారు తోలిన బండికి ఆ గతి వద్దు.

పాత బండి ఎవరు తెచ్చినా నేను కాగితం చూశాకే రేకు చూస్తాను. చిల్లులు పడ్డ ఫ్లోరు కోసి కొత్తది వెల్డింగు చేయగలను. సంతకం పెట్టాల్సిన మనిషి లేకపోతే నేను చేయగలిగిందేమీ లేదు. కాబట్టి ఇది ఎవరి పేరు మీద ఉందో ముందు తేల్చండి.

బానెట్ ఎత్తి, కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో నంబర్లు ఉన్నచోట మెల్లగా తుడవండి. వైరు బ్రష్షు పెట్టొద్దు, తుప్పుతో పాటు అంకెల అంచులూ పోతాయి. రివెట్లు కొట్టిన ప్లేటు ఒకటి ఉంటుంది, రేకు మీద నేరుగా కొట్టిన నంబరు ఇంకొకటి. రెండూ కలవాలి. ప్లేటు ఊడదీసి మరో బండికి పెట్టొచ్చు కాబట్టి నమ్మాల్సింది రేకు మీదిదే. పల్చటి తెల్లకాగితం ఆనించి, మెత్తటి పెన్సిలు పడుకోబెట్టి రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. ఇంజను బ్లాకు మీద నంబరుకీ అలాగే ప్రింటు తీయండి. ఆఫీసులో ఎలాగూ ఈ ప్రింట్లు అడుగుతారు.

అవి పట్టుకుని కాకినాడ రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లండి. 2022లో జిల్లాలు విడగొట్టారు, మండపేట ఇప్పుడు వేరే జిల్లాలో ఉంది గానీ, పాత తూర్పు గోదావరి రికార్డు ముందు అక్కడే అడగాలి. 1989కి ముందు ఇచ్చిన మూడక్షరాల నంబర్లు ఆన్‌లైన్‌లో కొడితే చాలావాటికి వివరాలు రావు. అందుకని రికార్డు లేనట్టు కాదు. కంప్యూటర్లు రాకముందు ప్రతి బండికీ చేత్తో రాసిన పేజీ ఉండేది, దాన్ని బీ రిజిస్టరు అంటారు. ఎవరి పేరు, పన్ను ఎప్పటిదాకా కట్టారు, ఫైనాన్సు ఉందా, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని వేరే చోటికి పోయిందా, అన్నీ అందులోనే ఉంటాయి. దాని నకలు కావాలని పెద్దబ్బాయి గారి చేత అర్జీ పెట్టించండి. మీరు బయటివారు కాబట్టి మీ అర్జీ పక్కన పెట్టేసే అవకాశం ఉంది.

మిల్లు ఓనరు గారి పేరే ఉంటే మీ పని సుళువు. సీ బుక్కు పోయిందని పోలీసు కాగితం, డూప్లికేటుకి ఫారం 26, ఓనరు చనిపోయారు కాబట్టి వారసుల పేరుకి ఫారం 31. దాంతోపాటు మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకార పత్రం. అక్కణ్ణుంచి 29, 30 ఫారాలతో మీ పేరుకి.

డాక్టరు గారి పేరే ఇంకా ఉంటే, మిల్లువారికి నలభై వేలిచ్చినా మోటారు వాహనాల చట్టం దృష్టిలో మీరు ఓనరు దగ్గర కొన్నట్టు కాదు. డాక్టరు గారో, వారి వారసులో సంతకం పెట్టాలి. "ఎప్పుడో అమ్మేశాం, మాకెందుకు" అనొచ్చు వాళ్లు. అప్పుడు వాళ్లకి 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పండి, నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్. కారు చేతులు మారి చాలా దూరం పోయింది, ప్రమాదం జరిగింది, రిజిస్టర్లో మాత్రం మొదటాయన పేరే ఉంది. నష్టపరిహారం బాధ్యత ఆయనదేనంది కోర్టు. పేరు మార్పు వాళ్ల మేలుకేనని తెలిస్తే చాలామంది సంతకానికి ఒప్పుకుంటారు. బెదిరించినట్టు కాకుండా మీ నాన్నగారిని వెంటబెట్టుకెళ్లి చెప్పండి. ఆ కారు తోలిన మనిషి గుమ్మంలోకి వస్తే వాళ్లూ కాదనలేరు.

అసలు రికార్డే దొరక్కపోతే సివిల్ కోర్టుదాకా వెళ్లాల్సి రావచ్చు. అంతదాకా వస్తే ఈ బండి విడిభాగాల ధరకే కొనండి.

ఇక వింటేజ్ సంగతి. ఆ ఏజెంటు చెప్పింది తప్పు. 2021 జూలైలో కేంద్రం ఈ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్లు దాటాలి, బండి ఒరిజినల్‌గా ఉండాలి. కొత్తగా చేయించుకుంటే ఇరవై వేలు ఫీజు, పదేళ్లు చెల్లుతుంది, నంబర్లో వీఏ అని వస్తుంది. అయితే మన దేశంలో ఇదివరకే రిజిస్టరైన బండికి దరఖాస్తుతో పాటు పాత సీ బుక్కు పెట్టాలని అందులోనే ఉంది. కాగితం లేనివాళ్లకి అది దొడ్డిదారి కాదు. ఇంకోటి, వింటేజ్ కింద పెట్టిన బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలు పోయించుకోడానికి, రిపేరుకి, అంతే. మీరు అన్నవరం వెళ్దామనుకుంటున్నారు కదా, మీకు పనికొచ్చేది మామూలు రిజిస్ట్రేషను రెన్యువలే. ఇరవై ఏళ్లు దాటిన కారు రెన్యువల్‌కి 2025 ఆగస్టు నుంచి పది వేలు చేశారు. ఆలస్యానికి నెలకి 500 చొప్పున అదనం. ఎప్పటి నుంచి లెక్క కడతారో, పాత పన్ను బాకీ ఎంతో, నలభై వేల బేరం ఒప్పుకోకముందే అడగండి. ఆ లెక్క ఒక్కోసారి బండి ధరని మించిపోతుంది.

డల్లాస్_గోదారోడు:

ఇక్కడ టెక్సస్‌లో టైటిల్ (ఓనరు ఎవరో చెప్పే కాగితం) లేని పాత బండికి బాండెడ్ టైటిల్ అని ఒక దారి ఉందండి. బండి విలువకి ఒకటిన్నర రెట్లు బాండు (పూచీ పత్రం) తీసుకుంటే టైటిల్ ఇస్తారు. మూడేళ్లలోపు అసలు ఓనరు వస్తే ఆ బాండులోంచి నష్టం చెల్లిస్తారు. నేను 1968 మస్టాంగ్ ఒకటి అలాగే రోడ్డెక్కించాను. మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి పై అన్న చెప్పినట్టే వెళ్లండి.

అమెరికాలో ఉన్న చిన్నబ్బాయి గారి సంతకం గురించి ఒక మాట. వాట్సాప్‌లో పంపిన ఫొటో కాగితం ఒప్పుకోరు. అంగీకార పత్రాన్ని ఇండియన్ కాన్సులేట్ ద్వారా అటెస్టు చేయించాలి, లేదా నోటరీ చేయించి ఆ రాష్ట్రం నుంచి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) తీసుకోవాలి. అసలు కాగితం కొరియర్లో పంపాలి. ఇండియా చేరాక మూడు నెలల్లోపు దానికి అక్కడి స్టాంపు డ్యూటీ కట్టించాలి. అది మర్చిపోతే పెనాల్టీ కడతారు. రెండింటిలో ఏది ఒప్పుకుంటారో ఆఫీసులో ముందే అడిగి ఆయనకి చెప్పండి.

మండపేట_శ్రీను:

అందరికీ చాలా థాంక్సండి. పెద్దబ్బాయి గారికి విషయం చెబితే అడ్వాన్సు మాట పక్కన పెట్టి తనే అర్జీ మీద సంతకం పెట్టారు. రిజిస్టరు దొరికింది! అట్ట ఊడిపోయి, పేజీలు పసుపుపచ్చగా అయిపోయి ఉంది గానీ మా నంబరు పేజీ చక్కగా ఉంది. డాక్టరు గారి పేరే ఉందండి. ఫైనాన్సు లేదు. ఇంజను నంబరు మాత్రం నీలం సిరాతో రాసింది అడ్డంగా కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో ఇంకో నంబరు రాసి, ముద్ర వేసి ఉంది. నేను తీసిన ప్రింటు ఆ ఎర్ర నంబరుతో కలిసింది. నాన్నకి చెబితే "అవును, తుని దగ్గర ఇంజను సీజైపోయింది, కాకినాడలో వేరే ఇంజను వేయించాం" అని అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. ఛాసిస్ నంబరు అంకె అంకె కలిసింది.

డాక్టరు గారు లేరు. వారి అమ్మాయి గారు కాకినాడలోనే ఉన్నారు. నాన్నా నేనూ వెళ్లాం. చిన్నప్పుడు ఆ కారులో బడికి వెళ్లేవారట. ఒక్కతే కూతురు, సంతకం పెడతానన్నారు. ఇప్పుడు డబ్బులు ఎవరికివ్వాలండి? ఇంజను మారింది కాబట్టి ఇబ్బంది ఉంటుందా?

ఆటోనగర్_పాతబండ్లు:

చాలా సంతోషం శ్రీను గారూ. ఆ ఎర్ర సిరా గీత మీకు పెద్ద మేలు చేసింది. ఆ రోజుల్లో ఇంజను మార్చి ఆఫీసులో రాయించుకున్నవాళ్లు తక్కువ. మటాడోర్ డీజిల్ ఇంజను వేసేసి, ఎక్కడా రాయించని అంబాసిడర్లు నా దగ్గరకి ఇప్పటికీ వస్తున్నాయి, వాటికి తల ప్రాణం తోకకొస్తుంది. మీది రికార్డులో ఉంది కాబట్టి ఏ ఇబ్బందీ లేదు.

డబ్బు మిల్లువారికే. డాక్టరు గారికి అప్పుడే ముట్టింది కదా. స్టాంపు కాగితం మీద ముగ్గురి మధ్యా ఒక ఒప్పందం రాయించండి: అమ్మాయి గారు, మిల్లు వారసులు, మీరు. డాక్టరు గారు మిల్లు ఓనరు గారికి అమ్మినట్టు, ఆ ఓనరు గారి వారసులు మీకు అమ్ముతున్నట్టు, ఎవరికీ అభ్యంతరం లేదన్నట్టు అందులో ఉండాలి. ఛాసిస్ నంబరు, రెండు ఇంజను నంబర్లూ రాయండి. కొంత ఇప్పుడు ఇచ్చి, మిగతాది సీ బుక్కు మీ పేరు మీద చేతికొచ్చాక ఇచ్చేటట్టు మాట్లాడుకోండి. అమ్మాయి గారు ఒక్కతే వారసురాలైనా కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తప్పదు, వాళ్లమ్మగారు ఉన్నారేమో కూడా కనుక్కోండి. ముందు ఫారం 26, 31తో ఆమె పేరుకి, తరవాత మీ పేరుకి. రెండు మెట్లూ ఒకేసారి పెట్టనిస్తారా అని కౌంటర్లో అడగండి.

రెన్యువల్‌కి బండి బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నడవాలి కాబట్టి ఈలోగా రిపేరు మొదలెట్టొచ్చు. గోడౌన్లోంచి తాడు కట్టి రోడ్డు మీద లాక్కురావద్దు. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు లేని బండి అది, లారీ మీదే ఎక్కించండి. బ్యాటరీ పెట్టి సెల్ఫు కొట్టే ఆత్రం కూడా వద్దు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో కొద్దిగా ఇంజనాయిలు పోసి రెండు రోజులు వదిలేయండి. తరవాత నాన్నగారిని పక్కన ఉంచుకుని పుల్లీ పట్టుకుని చేత్తో మెల్లగా తిప్పండి. బిగిసిపోయి తిరక్కపోతే బలవంతం చేయకుండా నాకు ఇక్కడే రాయండి. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు జిగురైపోయి ఉంటుంది, అది పూర్తిగా తీసి కడిగేదాకా కార్బరేటరు జోలికి పోకండి.